పదకొండు రసమట్టాలు

బుధవారం పొద్దున్నే తలుపు తీస్తే లోపల కాలు పెట్టే చోటు లేదు. గోడల నిండా రంపాలు, బల్ల నిండా ఉలులు, చిత్రికలు, బల్ల కింద పిడులు ఊడిన సుత్తులు, తుప్పు పట్టిన మేకుల డబ్బాలు, ఎందుకు పనికొస్తాయో చేసినవాడే వచ్చి చెప్పాల్సిన ఇనప ముక్కలు. మామయ్య నలభై ఏళ్ళు మేస్త్రీ పని చేశాడు. ఆ నలభై ఏళ్ళలో ఒక్క పనిముట్టును పారేసిన పాపాన పోలేదు.

"పెళ్ళెందుకు చేసుకోలేదా అనుకునేవాణ్ణి. పెళ్ళాం వస్తే నిలబడే చోటేదీ?" అన్నాడు భర్త.

ఆయన బస్సు డ్రైవరు. ఈ పని కోసం అయిదు రోజులు సెలవు పెట్టాడు. ఆమె దర్జీ. కుట్టాల్సిన జాకెట్లు ఓ పాతిక మిషన్ పక్కన వదిలేసి వచ్చింది. ఆదివారం నాటికి ఈ చెక్క ఇల్లు మనిషి ఉండేలా తయారు కావాలి. ఆదివారం ఆమె చెల్లెలు అయిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని, ఉన్న సామానంతా వ్యానులో వేసుకుని వచ్చేస్తుంది. చెల్లెలి మొగుడు చెప్పాపెట్టకుండా పోయి ఎనిమిది నెలలైంది. అద్దెకున్న గది వాళ్ళు ఖాళీ చేయమన్నారు. "మావి రెండు గదులేనే. ముందు గది నిండా నా మిషన్లు. నీకు తెలుసుగా" అని ఫోనులో చెప్పిన ఆమే, ఊపిరి తిప్పుకోకుండానే, "మామయ్య పోయాక ఆ చెక్క ఇల్లు ఊరికే పడుంది, బాగుచేసి ఇస్తాం" అంది. చెల్లెలు కాసేపు ఆగి సరేనంది. ఆ ఆగడం ఆమెకు నచ్చలేదు గానీ, తోచిన సాయం చేస్తున్నాం కదా అని సర్దుకుంది.

ఊరి చివర వాలు మీద ఉంది ఇల్లు. ముందు వీధి, వెనక పాడుపడిన రాళ్ళ క్వారీ గొయ్యి. ఇంటి వెనక చెట్లన్నీ మొదట్లో ఒక్క వంపు తిరిగి, ఆ పైన నిటారుగా పెరిగాయి.

"మీ మామయ్య చెట్లకు కూడా మోకాళ్ళు పెట్టించాడు" అన్నాడు భర్త.

వాకిట్లో మూడు కుప్పలు పోశారు. పనికొచ్చేవి, వడ్రంగికి ఇచ్చేవి, పాత సామాన్ల వాడికి వేసేవి. మూడో కుప్ప గంటకల్లా నడుమెత్తు లేచింది. లోపల ఊడుస్తుంటే ఆమెకొకటి వింతగా తోచింది. ఏళ్ళ తరబడి జారిపడ్డ మేకులు, మరలు, పెన్సిలు ముక్కలు గదంతా చెదిరి ఉండాల్సింది పోయి, అన్నీ వెనక మూలకే చేరి ఉన్నాయి. చేటతో ఎత్తితే రెండు చేటలైంది.

మధ్యాహ్నం ఎండ ఎక్కాక గోడలో ఎవరో మెటికలు విరిచినట్టు చప్పుడైంది. ఒకటి, కాసేపాగి రెండు. ఆమె చీపురు ఆపింది.

"ఎండకు చెక్క సాగుతుంది. ప్రతిదానికీ ఉలిక్కిపడితే పని తెమలదు" అన్నాడు భర్త బల్ల కిందనుంచి. తర్వాత, "ఇదేమిటో చూడు" అన్నాడు.

పొడుగాటి చెక్కపెట్టె. మిగతావన్నీ దుమ్ము కొట్టుకుని ఉంటే దీని మీద మాత్రం గోనెపట్టా కప్పి ఉంది. లోపల గుడ్డల్లో విడివిడిగా చుట్టిపెట్టిన రసమట్టాలు. మేస్త్రీలు గచ్చు మీద పెట్టి, గాజుగొట్టంలో బుడగ నడిమికి వచ్చిందో లేదో చూసుకుంటారే, అవి. పదకొండు. ఒక్కదానికీ తుప్పు లేదు, గీత లేదు.

"ఒకే రకం పదకొండా! పుర్రెకో బుద్ధి" అని నవ్వి, భర్త ఇంకో గంప ఎత్తుకుని బయటికి పోయాడు.

ఒక్కో మట్టానికీ వీపున కాగితం ముక్క అంటించి ఉంది. మేస్త్రీ పెన్సిలుతో, అక్షరానికీ అక్షరానికీ ఎడం పెట్టి రాసే మామయ్య రాత. ఆమె కిటికీ దగ్గరికి తెచ్చుకుని చదివింది.

"ఒకటి. బుడగ వీధి వైపు ఒక నూలు, వడ్లగింజంత, జరిగింది. చివర మార్చి తిప్పి పెట్టినా వీధి వైపుకే పోయింది. మట్టమే చెడితే తిప్పినప్పుడు బుడగ కూడా రెండో వైపుకు పోవాలి. మట్టం మంచిదే. ఇల్లే వెనక్కి పోతోంది."

"రెండు. పెద్దన్నయ్యకు చూపించాను. మట్టం చెడిందన్నాడు. కొత్తది కొన్నాను. నూలున్నర."

"మూడు. క్వారీ కాపలావాడు చూశాడు. మట్టం చెడిందన్నాడు. కొత్తది కొన్నాను."

"నాలుగు. క్వారీ ఆఫీసు గుమాస్తాను తీసుకొచ్చి చూపించాను. మట్టం చెడిందన్నాడు. కొత్తది కొన్నాను. రెండు నూళ్ళు."

అలా ఒక్కొక్కరూ. ఒకడు నవ్వాడు, ఒకడు కూర్చోకుండానే పోయాడు, డాక్టరు నాలుక చూపించమన్నాడు. తిలాపాపం తలా పిడికెడు. బంధువుల్లో ఆయన్ని బుడగ మామయ్య అని పిలవని వాళ్ళు లేరు. ఎందుకు పిలిచేవాళ్ళో సరిగ్గా ఎవరికీ తెలియదు. అందరూ పిలుస్తున్నారు కదా అని ఆమె కూడా పిలిచింది.

తొమ్మిదోది తిప్పేసరికి ఆమె చేయి ఆగిపోయింది.

"తొమ్మిది. మేనకోడలు వచ్చింది. చూసింది. మట్టం చెడినట్టుంది మామయ్యా, కొత్తది కొనుక్కోరాదూ అంది. కొన్నాను."

ఆ మాట అన్నట్టు ఆమెకు జ్ఞాపకం లేదు. టీ తాగడం జ్ఞాపకముంది. ఆయన నేల మీద బోర్లా పడుకుని, చెంప చెక్కకు ఆనించి దేన్నో చూస్తూ పిలవడం జ్ఞాపకముంది. తను గ్లాసు చేత్తో పట్టుకునే వంగి చూసింది. అని ఉంటుంది. తనలాగే ఉంది ఆ మాట. ఆమె గోటితో ఆ కాగితం అంచు లేపి, చిరగకుండా ఊడదీసి, మడిచి పర్సులో పెట్టుకుంది. అలా ఎందుకు చేసిందంటే సిగ్గేసింది, అంతే.

పదకొండోదాని మీద ఒకటే వాక్యం ఉంది. "ఇంకా ఎవరికీ చూపించలేదు."

*

గురువారం పక్కగోడ కిటికీకి తెర కట్టింది. పాత దుప్పటి కత్తిరించి, ఇంటి దగ్గరే కుట్టి తెచ్చింది. పైన కిటికీ చట్రానికి అంచు తాకించి కట్టి దిగి చూస్తే, కింద వీధి వైపు రెండు వేళ్ళ సందు. రెండో వైపు తెర చట్రం దాటి గోడ మీదికి పోయింది.

"కొలత తప్పావు" అన్నాడు భర్త. ఆయన అప్పుడే కొత్త నేల పలకలు బిగించి, చొక్కా విప్పి గాలి పోసుకుంటున్నాడు.

"నేను కొలత తప్పడం ఎప్పుడైనా చూశారా?"

"ఇదిగో, ఇప్పుడు."

ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగంమంది భుజాలూ నడుములూ ఆమె టేపుకు తెలుసు. ఆమె దారానికి కత్తెర కట్టి, చట్రం పై మూలనుంచి వదిలింది. ఊగి ఊగి నిలిచాక దారం తెరతోపాటే ఉంది. చట్రమే దాన్ని వదిలేసి వెనక్కి ఒరిగి ఉంది. గుడ్డకూ దారానికీ అబద్ధమాడటం రాదు.

పెట్టెలోంచి పదకొండో మట్టం తెచ్చి కొత్త పలకల మీద పెట్టింది. బుడగ వీధి వైపుకు పోయి గొట్టం చివర నక్కింది. చివర మార్చి తిప్పింది. మళ్ళీ వీధి వైపుకే.

"ఏవండీ, ఒక్కసారి ఇలా వచ్చి చూడండి."

ఆయన నిలబడే చూశాడు. "మట్టం చెడింది. ఏళ్ళ తరబడి పెట్టెలో పడుంటే చెడదా? రేపు కొత్తది తెస్తాలే."

అప్పటికే ఆమె చేతిలో మామయ్య పెన్సిలు ఉంది. ఎప్పుడు తీసిందో తెలియదు. కాగితం కోసం రెండో చేయి బల్ల మీద వెతుకుతోంది. ఆమె పెన్సిలును నిప్పు ముట్టుకున్నట్టు వదిలేసింది. అది దొర్లుకుంటూ పోయి వెనక మూలలో ఆగింది.

అప్పుడు మట్టాల మీది కాగితాలన్నీ ఆయనకు చూపించింది. తొమ్మిదోది తప్ప. ఆయన నాలుగైదు చదివి, "పాపం, బాగా చాదస్తం" అన్నాడు. ఆమె మొహంలోకి చూసి, "నువ్వు మాత్రం ఆ దారి పట్టకు. మీ వాళ్ళ రక్తంలోనే ఉన్నట్టుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మామయ్యతో కూడా అందరూ నవ్వుతూనే అనేవాళ్ళు.

*

శుక్రవారం ఆయన అన్నమాట ప్రకారం కొత్త మట్టం తెచ్చాడు. అట్టపెట్టె విప్పి, దుకాణం వాసన పోకముందే నేల మీద పెట్టాడు. బుడగ వీధి వైపుకు పోయింది. తిప్పాడు. వేలితో తట్టాడు. ఇంకో పలక మీద పెట్టాడు.

"దుకాణం వాడు పాత సరుకు అంటగట్టాడు" అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో.

తర్వాత జాకీ తీసుకుని, ఇంటి వెనక స్తంభాల మధ్యకు పాక్కుంటూ దూరాడు. వాలు మీద కట్టిన ఇల్లు కాబట్టి వెనక వైపు నేలకూ ఇంటికీ మధ్య మనిషి పట్టేంత ఎడం ఉంది. ఆమె పైన మట్టం దగ్గర కూర్చుని బుడగ ఎక్కడుందో అరిచి చెప్పింది. కింద జాకీ కిర్రుమంది, ఇల్లంతా ఒళ్ళు విరుచుకున్నట్టు మూలిగింది. చాలాసేపు కింది నుంచి ఏ చప్పుడూ లేదు.

"ఏం చేస్తున్నారు?"

"ఏం లేదు. చెక్కముక్కలు పెడుతున్నా."

సాయంత్రానికి బుడగ రెండు గీతల నడుమకు వచ్చి బుద్ధిగా కూర్చుంది. ఆయన మోచేతులకు మట్టి కొట్టుకుని బయటికొచ్చాడు. "అయిపోయింది. నేల వంకర తీసేశాను. ఇక నిశ్చింతగా ఉండొచ్చు" అన్నాడు గానీ, ఆమె వైపు చూడలేదు. దారి పొడుగునా రోజూ చేసే వేళాకోళం కూడా చేయలేదు.

ఇంటికెళ్ళాక ఆమె చెల్లెలికి ఫోను చేసింది. "ఒక వారం ఆగి వస్తే కుదురుతుందా?"

"సామానంతా మూట కట్టేశానక్కా. రేపటితో గది తాళం ఇచ్చేయాలి. ఏం, ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బందేం లేదులే. రంగు ఆరాలి కదా అని."

"ఆరకపోతే మేం గోడకు ఆనుకోములే" అని చెల్లెలు నవ్వింది.

*

శనివారం తలుపు తీయగానే ఇద్దరూ నేల మీది మట్టం దగ్గరికే పోయారు. బుడగ వీధి వైపు ఒక నూలు జరిగి ఉంది. చిన్నప్పుడు మామయ్య చెప్పేవాడు, అంగుళంలో ఎనిమిదో వంతు నూలని, వడ్లగింజంత అని. ఒక్క రాత్రికి వడ్లగింజంత.

భర్త గొంతుక్కూర్చుని చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత లేచి వెనక్కి వెళ్ళాడు. ఆమె వెనక కిటికీలోంచి చూస్తోంది. ఆయన చెట్ల మధ్య రాలిన ఆకులను కాలితో తోస్తూ నడిచాడు, ఒకచోట ఆగాడు, వంగి చేయి పెట్టాడు. ముంజేయి సగం దాకా నేలలోకి పోయింది. అక్కడినుంచి ఆకులు తోసుకుంటూ అడ్డంగా ఈ చివరనుంచి ఆ చివరకు పోయాడు. ఆయన వెనకే నల్లటి గీత బయటపడుతూ వచ్చింది.

లోపలికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"నిన్ననే చెప్పాల్సింది" అన్నాడు. "కింద ఆ వెనక స్తంభాల దగ్గర మీ మామయ్య పెట్టిన చెక్కముక్కలు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి. అడుగున ఉన్నవి పుచ్చిపోయాయి. నేను చూసీ చూడనట్టు, వాటి మీదే నావీ పెట్టి వచ్చాను."

"ఎందుకు చెప్పలేదు?"

"నీతో చెబితే నువ్వు ఊరుకోవు. ఊరుకోకపోతే మరదలు ఎక్కడికి పోతుంది? మూడు రోజులుగా రెక్కలు ముక్కలు చేసుకున్నాం. నేల వేశాం, తెర కట్టాం. పైన పటారం బాగానే ఉంది కదా, ఒక ఏడాది నిలబడదా అనుకున్నా." ఆయన గొంతు తగ్గింది. "పసిపిల్ల ఉంటుందని తెలిసి కూడా అనుకున్నా."

ఆయన తను తెచ్చిన మట్టాన్ని చేతిలోకి తీసుకుని, అట్టపెట్టె చించి ముక్క చేశాడు. మూలకు పోయి పెన్సిలు ఏరుకొచ్చి రాయడం మొదలుపెట్టాడు. బస్సు నడిపే ఆ చేతికి రాతపని అలవాటు లేదు, చాలాసేపు పట్టింది. రాసింది ఆమెకిచ్చాడు. "పన్నెండు. మేనకోడలి మొగుడు చూశాడు. మట్టం మంచిదే."

ఆమె ఆ మట్టాన్ని మిగతావాటి పక్కన పెట్టెలో పెట్టింది. చెల్లెలికి ఫోను చేయబోయి, ఎక్కడికి రమ్మనాలో తేలక ఆగింది. గోడలో మెటికలు విరిగాయి. ఈసారి ఎండ ఇంకా రాలేదు.

*

ఆదివారం పదింటికి వ్యాను వచ్చి వాకిట్లో ఆగింది. చెల్లెలు దిగింది, మనిషి సగమైంది. పిల్ల తల్లి కంటే ముందు లోపలికి పరిగెత్తింది. చెల్లెలు గుమ్మంలో నిలబడి కొత్త నేల, తెర, తుడిచిన అద్దాలు చూసి, "ఎంత కష్టపడ్డారు బావా" అంది. భర్త తల దించుకున్నాడు.

"సామాను దించకే. నీకొకటి చూపించాలి" అంది ఆమె.

మట్టం పెట్టింది, తిప్పి పెట్టింది. కత్తెర కట్టిన దారం చూపించింది. పగులు గురించి చెప్పింది. చెబుతుంటే తనకే తెలుస్తోంది, మాట తొందరపడుతోంది, చేతులు ఎక్కువగా కదులుతున్నాయి, మామయ్య ఇలాగే చెప్పేవాడు. చెల్లెలు నేల మీది గాజుగొట్టాన్ని చూడలేదు. అక్క మొహం చూస్తోంది.

"ఈ మట్టమేదో చెడిందేమో అక్కా" అంది మెల్లగా.

ఆమె మట్టాన్ని మళ్ళీ తిప్పి పెట్టింది.

"మొన్న రంగు ఆరలేదన్నావు. ఇవాళ ఇల్లు జరుగుతోందంటున్నావు. నన్ను ఇక్కడ పెట్టడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పొచ్చుగా. బుడగలూ దారాలూ ఎందుకు?" అంది చెల్లెలు. "నేను గది తాళం ఇచ్చి వచ్చేశాను. ఇది తప్ప నాకింకేం లేదు. ఒరిగినా సరే, ఇక్కడే ఉంటా."

"అది కాదమ్మా, నేనూ చూశాను..." అని భర్త ఏదో చెప్పబోయాడు.

"మీరు ఆగండి బావా."

వెనక మూలనుంచి పిల్ల తిరిగొచ్చి తల్లి చీర పట్టుకుంది. "అమ్మా, ఇల్లు గొంతు సవరించుకుంటోంది" అంది.

ఆమె పర్సు తీసింది. మడిచిన కాగితం విప్పి చెల్లెలికిచ్చింది. చెల్లెలు చదివింది, రెండోసారి పెదవులు కదుపుతూ చదివింది.

"నువ్వేనా ఇది?"

"నేనే. ఆయన చూడమంటే ఇలాగే అన్నాను. ఆ తర్వాత వృద్ధాశ్రమంలో చేర్చే కాగితం మీద సంతకం కూడా పెట్టాను."

"మరి ఆయన ఇక్కడ ఉండలేనని తెలిసి, నిన్ను చోటు అడగలేదా?"

"అడిగాడు. ముందు గదిలో ఓ మూల చాలన్నాడు."

"ఏమన్నావు?"

"మిషన్లున్నాయన్నాను."

చెల్లెలు కాగితం మడవలేదు, తిరిగి ఇవ్వలేదు. కిందికి చూసింది. అప్పుడు వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, బుడగ ఎక్కడుందో మొదటిసారి చూసింది. లేచాక పిల్లను చంకకెత్తుకుంది.

"నాతోనూ అదే అన్నావు" అంది.

ఆమెకు ఏడుపొచ్చింది. ఎవరిని తలుచుకుని వచ్చిందో విడదీసి చెప్పలేకపోయింది. "పదవే, మా ఇంటికి పోదాం. ముందు గది నీది. నాలుగు రోజులకని కాదు, నీ ఇష్టమొచ్చినన్నాళ్ళు" అంది.

చెల్లెలు పిల్లతో వెళ్ళి వ్యానులో ఎక్కింది. భర్త గుమ్మానికి అడ్డంగా రెండు పలకలు వేసి మేకులు కొట్టాడు. తాళం వేద్దామంటే తలుపు చట్రంలో పట్టలేదు. నిన్న పట్టింది.

తమ ఇంటి ముందు వ్యాను ఆగాక ఆమె దిగి తలుపు తీసింది. ముందు గదిలో మూడు మిషన్లు, బట్టల బీరువా, కత్తిరింపు బల్ల, పాతిక జాకెట్లు. అవి లేని ఆ గదిని ఆమె ఇరవై రెండేళ్ళుగా చూడలేదు. వెనక్కి తిరిగి, "రావే, దిగు" అంది.

చెల్లెలు సీటులోంచి కదల్లేదు. ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది, చేతిలో ఆ కాగితం అలాగే ఉంది.

"ముందు మిషన్లు తీయి అక్కా" అంది. "తర్వాత దిగుతాను."

ఆ మాటలో కోపం లేదు. భర్త చొక్కా చేతులు మడుచుకుని పెద్ద మిషన్‌కు ఒకవైపు వెళ్ళి నిలబడ్డాడు. ఆమె చెంగు దోపుకుని, లోపలికి పోయి రెండో వైపు పట్టుకుంది.